చింతపిక్కలు లెక్కపెట్టి కొన్న గదులు

ఆ రోజుల్లో మా పల్నాటి వైపు పొలమంటేనే మనుషులకి విసుగొచ్చేసింది. వరసగా రెండేళ్ళు పత్తిని పురుగు తినేసింది, మందు కొట్టిన వాసన తప్ప చేతికేమీ మిగల్లేదు. అప్పట్నుంచి ఎవరి నోట విన్నా ఒకటే మాట, పొలం వాననడుగుతుంది, గది ఏమీ అడక్కుండా అద్దె పెడుతుంది అని. ఆ మాట గట్టిగా పట్టుకున్నవాళ్ళలో మా బావగారు మొదటివారు (మా ఆయన అన్నగారు. తర్వాత ఊరంతా ఆయన్ని 'కాంప్లెక్సు' అని పిలిచింది. నేను మాత్రం ఆయన ఇంట్లో లేనప్పుడే అనేదాన్ని). గుంటూరు మిర్చి యార్డుకి కాయ తోలుకెళ్ళినప్పుడు ఒక బ్రోకరు ఆయనకి ఉపదేశం చేశాడట. గది కొనేవాడు నాలుగు చూడాలి. అది జనం మసిలే చోటా కాదా, అద్దెకున్నవాడు నిలిచేవాడా, ఏడాదిలో ఎన్నాళ్ళు ఖాళీ పడుంటుంది, ఖర్చులు పోను చేతికొచ్చేదెంత. బావగారు ఆ నాలుగూ వేళ్ళ మీద అప్పజెప్పేవారు. చిక్కేమిటంటే, వెనక మూడూ అమ్మేవాడినే అడిగి తెలుసుకున్నారు. వినుకొండలో రోడ్డు మీద కాంప్లెక్సు, మేడ మీద వెనకవైపు రెండు గదులు, అందులో ఏదో కంపెనీ అద్దెకుంది, ఇక ఖాళీ అన్న మాటే లేదని వాడు చెప్పాడు, ఈయన తలూపారు. అదే మిరపకాయ బస్తా అయితే పైకాయ చూసి వదిలే మనిషి కాదు, మోచేతిదాకా చెయ్యి దూర్చి నడిమికాయ బయటికి లాగేవారు. ఆ గదుల తలుపు మాత్రం తీయించి చూడలేదు.

మిగిలిన మొదటిది, జనం లెక్క, నా మీద పడింది. మగాళ్ళు నిలబడి లెక్కపెడితే అమ్మేవాడు పసిగట్టి రేటు పెంచుతాడట, ఆడవాళ్ళయితే బస్సు కోసం కూర్చున్నారనుకుంటాడట. ఐదో క్లాసుతో చదువాపేసినదాన్ని, కాపరానికొచ్చి ఏడాది కాలేదు, నన్నో పనికి నమ్మి పంపుతున్నారంటే ఇక కాలు నేల మీద ఆనలేదు. తోడు మా అత్తయ్య వచ్చింది. గదులు కొనాలంటే అమ్మాల్సింది ఆవిడ పొలమే మరి. పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన రెండెకరాల నల్లరేగడి. ఆవిడకంటూ ఈ లోకంలో ఉన్నదల్లా అదే.

పొద్దున్నే వెళ్ళి ఆ కాంప్లెక్సుకి ఎదురుగా బస్సుల షెడ్డులో కూర్చున్నాం. ఒళ్ళో చింతపిక్కల మూట, పక్కన ఖాళీ డబ్బా. మెట్లెక్కే ఒక్కో మనిషికీ ఒక్కో పిక్క డబ్బాలో పడేయటం నా పని. జనం అంటే జనం కాదు. పంచెలవాళ్ళు, పంతుళ్ళు, చంటిబిడ్డల తల్లులు, ఒకటే ఎక్కటం దిగటం. ఒకాయన నాలుగుసార్లు ఎక్కితే నాలుగు పిక్కలూ వేశాను, అన్యాయం చేయకూడదని. పైనుంచి అరుపులు వినపడుతుంటే బేరాలు జోరుగా ఉన్నాయని మురిసిపోయాను. మధ్యాహ్నం ఒకావిడ దిగొచ్చి మా పక్కన కూలబడి, మీరూ కట్టారా అమ్మా అనడిగింది. లేదమ్మా, వచ్చేవారం కడతాం అన్నాను దర్జాగా. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, లేచి దూరంగా వెళ్ళి కూర్చుంది.

పొద్దు వాలేవేళకి అత్తయ్య మెల్లిగా అంది. "ఏమే, ఎక్కేవాళ్ళు ఎక్కుతున్నారు, దిగేవాళ్ళు దిగుతున్నారు. ఒక్కళ్ళ చేతిలోనూ సంచి లేదేమే?"

"మనల్ని తలకాయలు లెక్కెట్టమన్నారు అత్తయ్యా, సంచులు కాదు" అన్నాను. (అప్పటి నా తెలివి అది.)

డబ్బా నిండి, మిగిలినవి కొంగున కట్టుకొచ్చాను. బావగారు ఆ పిక్కల్ని మంచం మీద కుప్ప పోసి, ఇది మగపిల్లాడై పుట్టాల్సిందిరా అని మా ఆయనతో అన్నారు. ఆ పొగడ్తలో సంచుల సంగతి చెప్పలేదు. మర్చిపోయానని చాలాకాలం చెప్పుకున్నాను గానీ, మర్చిపోలేదు.

పొలం రిజిస్ట్రేషన్ నాడు అత్తయ్య వేలికి సిరా పూసుకుని, కాగితం మీద పెట్టబోతూ ఆగింది. కొడుకులిద్దర్నీ వదిలేసి నా వైపు తిరిగింది. "అమ్మాయ్, నువ్వు చూశావుగా. బాగుందంటావా?"

బావగారు చూస్తున్నారు, మా ఆయన చూస్తున్నాడు. "బాగుందత్తయ్యా" అన్నాను. ఆవిడ వేలు దించింది.

ఆ డబ్బుతో గదులు మా పేరుకొచ్చాక, బావగారు కొబ్బరికాయ పట్టుకెళ్ళి తాళం తీయించారు. లోపల ఒక విరిగిన కుర్చీ, పాత క్యాలెండరు. అద్దెకున్నది చిట్టీల కంపెనీ, వాళ్ళు జనం సొమ్ముతో రాత్రికి రాత్రి పరారై అప్పటికే నెల దాటింది. ఆ రోజు నేను పిక్కలు వేసింది తమ డబ్బేదని తలుపు బాదటానికి వచ్చినవాళ్ళకి. తాళం తీశారని తెలిసి వాళ్ళంతా మళ్ళీ వచ్చారు. ఓనరు దొరికాడంటూ బావగారి చొక్కా పట్టుకున్నారు. నేను కొనుక్కున్నోణ్ణయ్యా అని ఆయన మొత్తుకుంటే, ఒక ముసలాయన, "ఇంత జరిగాక కొనే పిచ్చోడు ఉంటాడంటే మేం నమ్మాలా?" అన్నాడట. సాయంత్రానికి ఆయన ఇంటికి చేరారు, చొక్కా చేరలేదు. ఆ గదుల్లోకి దిగటానికి తర్వాత ఎవరూ ధైర్యం చేయలేదు. ఏళ్ళ తర్వాత ఒకాయన ఖాళీ గోతాలు దాచుకోటానికి తీసుకున్నాడు, ఇచ్చినప్పుడే అద్దె.

అత్తయ్య నన్ను ఒక్కమాట అనలేదు. అంటే బాగుండేది. ఒకసారి కాళ్ళు పడుతూ నేనే కదిపితే, "నా కళ్ళు చూసింది నేనే నమ్మలేదు, ఇక నిన్నేమంటాను" అని అటు తిరిగి పడుకుంది.

ఆ పొలం కొన్నాయన మంచివాడు. పండుమిరప దిగినప్పుడల్లా పచ్చడికని ఆవిడకి ఒక బుట్ట పంపేవాడు. ఆవిడ పోయాక కూడా మానలేదు, నాకు పంపుతున్నాడు. పచ్చడి తిన్న చుట్టాలు, ఈ కాయలెక్కడివండీ, ఇంత ఎరుపున్నాయి అంటారు. ఇన్నేళ్ళయినా నా నోరు మారలేదు. మా అత్తయ్య చేలోవండీ అనేస్తాను, అని నాలో నేనే నవ్వుకుంటాను.