ఖాళీ గదిలోంచి వచ్చిన సద్ది గిన్నె

దయ్యాల మాటెత్తితే కొట్టిపారేసేదాన్ని. ఇప్పటికీ అంతే. ఈ ఒక్కటి మాత్రం నాకు కొరుకుడు పడలేదు.

జగిత్యాల నుంచి కోరుట్ల వైపు పోయే తోవలో ఒక పాత తాలూకా జైలుంది. ఊరి పేరు వద్దులెండి. నిజాం జమానాలో కట్టిన రాతి గోడలు, నాలుగు గదులు. మొదట శిస్తు కట్టని రైతుల్ని పెట్టారట, తర్వాత దొరలకు ఎదురుతిరిగిన వాళ్లని. నక్సలైట్ల కాలంలో మా అన్నను పెట్టారు. ఇప్పుడు సున్నం వేసి, వారసత్వ కట్టడమని బోర్డు తగిలించారు. ఆ సున్నం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మాది సిరిసిల్ల, మగ్గాల ఇల్లు. అన్న సంఘంలో తిరుగుతున్నాడని పట్టుకుపోయారు. మా అవ్వ, అంటే అమ్మ, కాలు విరిగి మంచంలో ఉంది. అందుకని నేనే జైలున్న ఊళ్లో మేనత్త ఇంట్లో ఉండి, రోజూ మధ్యాహ్నం గిన్నెలో అన్నం సద్ది కట్టి తీసుకెళ్లేదాన్ని. జవాను లోపల ఇచ్చి, కాసేపటికి ఖాళీ గిన్నె తెచ్చేవాడు.

గిన్నెకు గుడ్డ మాత్రం అన్నే కట్టి పంపేవాడు. మగ్గం మీద తెగిన పోగును అతికే ముడి వేసి, కొసలు రెండూ లోపలికి దోపేవాడు. మా ఇంట్లో అలా కట్టేది వాడొక్కడే. ఆ ముడి చూస్తే ప్రాణం కుదుటపడేది.

ఆ చివరి శుక్రవారం కూడా అదే ముడి వచ్చింది. గిన్నె కడిగి ఉంది.

శనివారం గేటు దగ్గర వేరే జవాను, పెద్దాయన, ఉన్నాడు. రిజిస్టరు తిప్పి, నా మొహం చూడకుండానే చెప్పాడు.

"మీ అన్నను బుధారం పొద్దుగాలనే తీస్కపోయిండ్రు బిడ్డా. గప్పటిసంది గా గది ఖాళీగనే ఉన్నది."

"మరి నిన్న సద్ది ఎవలు తిన్నరు?"

ఆయన నన్ను లోపలికి తీసుకెళ్లి చూపించాడు. గదికి తాళం. మిగతా మూడింటిలోనూ ఎవరూ లేరు.

రోజూ గిన్నె అందుకునే జవానును తర్వాత పట్టుకుని అడిగాను. చీకటి గది కదా, తీసుకుపోయిన సంగతి తెలియక కటకటాల సందులోంచి రోజూలాగే పెట్టానన్నాడు. మళ్లీ వెళ్లేసరికి గిన్నె కట్టి ఉందన్నాడు. అబద్ధమే కావచ్చు, అన్నం అతనే తిని ఉండొచ్చు. కానీ ఆ ముడి అతనికెలా వస్తుంది?

అన్న మళ్లీ కనిపించలేదు. శవమూ రాలేదు. దినాలు చేయమని చుట్టాలంతా చెప్పారు. అవ్వను ఓదార్చాలని నేను ఆ శుక్రవారం సంగతి చెప్పాను.

"అన్నం తిన్నోనికి దినాలేంది?" అంది అవ్వ.

అంతే. తను పోయేదాకా, ఇరవై ఏళ్లు, రోజూ వాడి వంతు అన్నం తీసిపెట్టింది.

ఆ గిన్నె ఎవరు కట్టారో నాకు ఇప్పటికీ తెలియదు. నేను నోరు మూసుకుని ఉంటే, మా అవ్వ కొడుకు కోసం ఒక్కసారైనా కడుపారా ఏడ్చి ఉండేది.