జెండా పాటలో నాలుగు మాత్రల ఖాళీ

మల్లయ్యగారి జెండా పాటలో మూడో పాదం తర్వాత నాలుగు మాత్రలు ఖాళీ. బళ్లో మేమంతా అక్కడ చప్పట్లు కొట్టేవాళ్లం. ఇప్పుడు ఆయన బాణీలకు స్వరాలు రాసి పుస్తకం వేస్తున్నాం. ఆ ఖాళీ పాత రాతపొరపాటని, పూడ్చేద్దామని సంపాదకుడు అన్నారు. పేజీ ప్రెస్సుకు వెళ్లేలోగా మల్లయ్యగారి కూతురు, షామీర్‌పేటలో ఉండే యాదమ్మగారిని అడుగుదామని ఆదివారం బహదూర్‌పల్లిలో బయలుదేరాను.

ఏడింటికి బస్సెక్కి మేడ్చల్‌లో దిగాను. ఇడ్లీ తిని షామీర్‌పేట షేర్ ఆటో పట్టుకున్నాను. నిండేదాకా అది కదలదు; ఆ దారిన వెళ్లేవాళ్లు పొద్దున్నే రావడం మేలు. పక్కన గంప పెట్టుకున్నావిడ, "జర జరుగు బిడ్డా, నీ ల్యాప్‌టాప్ కన్నా నా కొత్తిమీర నాజూకు" అంది.

యాదమ్మగారికి ఎనభై దాటాయి. పక్కింటి జానీ చాయ్ తెచ్చి మాతోపాటే కూర్చున్నాడు. ఖాళీ సంగతి చెప్పాను.

"పొరపాటా? గది ఖాసీం చిన్నాయిన జాగ. గీ జానీ తాత. పీర్ల పండుగకు నిప్పుల గుండం చుట్టూ తిరుగుకుంట బాపు పాడితే, గాయన 'అసైదులా' అని అందుకునేటోడు. పోలీస్ యాక్షనప్పుడు రజాకారని సంపిన్రు. రజాకార్ గాదు బిడ్డా, పరుపులు కుట్టెటోడు."

మరుసటేడు బడిలో జెండాకు పాట అడిగితే మల్లయ్యగారు ఆ బాణీలోనే కట్టారట. "అసైదులా కాడికి రాంగనే నోరు మూసుకున్నడు. పెద్దసారు గక్కడ జై కలపమన్నడు. కలపలే."

"మరి మేం చప్పట్లు కొడుతున్నామే!"

"మా తాతకు ఏటా దేశమంతా చప్పట్లే సార్, మస్తు ఖుషీగుంటడు" అన్నాడు జానీ.

"నీ నోట్ల మన్నువడ" అని ఆమె వాడి భుజం మీద ఒకటి వేశారు. "చప్పట్లు కొట్టుకోనీ బిడ్డా. నువ్వైతే గా జాగల ఏం రాయకు."

తర్వాత సన్నటి గొంతుతో పాడి వినిపించారు. మేం పాడేదానికన్నా చాలా నెమ్మది. మూడో పాదం అయ్యాక ఆగి జానీ వైపు చూశారు. జానీ తల వంచుకున్నాడు. నాలుగు మాత్రలూ ఎవరం కదల్లేదు.

మధ్యాహ్నం మేడ్చల్ బస్టాండు నుంచి సంపాదకుడికి ఫోన్ చేశాను. "పొరపాటు కాదండీ. ఖాళీ ఉండాల్సిందే" అని, ఎందుకో చెప్పాను. సరేనన్నారు.

బస్సులో బడిపిల్లలు పంద్రాగస్టు కోసం అదే పాట సాధన చేస్తున్నారు. మూడో పాదం తర్వాత చప్పట్లు మోగాయి. అలవాటుకొద్దీ నా చేతులూ లేచాయి. ఒడిలో పెట్టుకుని, నాలుగో పాదం దాకా ఆగాను.