జల్లెడమ్మ వేసిన కేసుల పట్టిక

లా పుస్తకాలు అచ్చువేసే ఆ ఆఫీసులో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆవిడ జల్లెడమ్మ. ఎంత లావు పుస్తకమిచ్చినా అందులో ఏ కేసు ఏ పేజీలో ఉందో జల్లించి పట్టిక వేసి చేతిలో పెడుతుంది. యాభై దాటాయి. పెళ్ళి మాటెత్తితే తీరిక లేదంటుంది. ముక్కు మీద కోపం, ఆ కోపం మీద కళ్ళజోడు.

చదివింది లాయే. ఒకప్పుడు మేనమామ దగ్గర జూనియరుగా కూడా చేసింది. ఆయన పెద్ద వకీలు, ఇళ్ళ యజమానులందరికీ కొండంత అండ. అలాంటి యజమాని ఒకడు అద్దెగదుల వరసంతా ఖాళీ చేయించాలని అందరికీ కుళాయి కట్టేశాడు. ఆ వరసలోనే జల్లెడమ్మ, వాళ్ళమ్మ ఉండేవారు. కోర్టుకి వెళ్దామని అద్దెవాళ్ళంతా గొంతు చించుకున్నారు కానీ, కాగితం వచ్చేసరికి మొదటి సంతకం పెట్టడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. వాళ్ళమ్మ పెట్టింది. అందుకే కేసుకి ఆవిడ పేరే పడింది. యజమాని తరఫున వాదించడానికి ఒప్పుకున్నది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ ఆవిడ తమ్ముడు, ఆ మేనమామే. ఆ రోజే జల్లెడమ్మ నల్లకోటు విప్పి మేనమామ బల్ల మీద పెట్టి వచ్చేసింది.

కేసు అమ్మ గెలిచింది. నీళ్ళాపి మనుషుల్ని వెళ్ళగొట్టడం కుదరదని పై కోర్టు తేల్చి చెప్పింది. వకీళ్ళు దాన్ని కుళాయి కేసంటారు. ఇంట్లో మాత్రం దాని ఊసెత్తరు. రాకపోకలు సాగాయి, మాటలు సాగాయి, ఆ ఒక్క మాట తప్ప.

ఇన్నేళ్ళకి మేనమామ అద్దె చట్టం మీద తలగడంత పుస్తకం రాశాడు. కేసుల పట్టిక వెయ్యమని మేనేజరు దాన్ని జల్లెడమ్మకే ఇచ్చాడు. కుళాయి కేసు లేకుండా అద్దె చట్టం రాయడం ఎవరి తరమూ కాదు. మొదటి ప్రతిలో ఉంది కూడా. ఫుట్‌నోటులో అమ్మ పేరు చూసి జల్లెడమ్మ ఎవరికీ కనపడకుండా కళ్ళు తుడుచుకుంది. పట్టిక వేసేసి, పని అయిపోయిందనుకుంది. ఇల్లలకగానే పండగా? "చిన్న చిన్న మార్పులు" అంటూ మేనమామ రెండో ప్రతి పంపాడు.

ఆఫీసులో ఈ పనికి రంగురంగుల బటన్ల సాఫ్ట్‌వేర్ ఉంది. ఆవిడకి గిట్టదు. "అది ఏం చేసిందో అడిగితే చెప్పదు" అంటుంది. ఆవిడ పద్ధతి వేరు. పుస్తకాన్ని సోకులన్నీ తీసేసి వట్టి అక్షరాల ఫైలుగా మారుస్తుంది. ఒక్కో ఫుట్‌నోటు ఒక్కో వరస, వరస ముందు పేజీ నంబరు. తర్వాత కంప్యూటరు నల్లతెర మీద చిన్న చిన్న ఆజ్ఞలు: వెతుకు, పేర్చు, ఒకేలా ఉన్నవి కలుపు.

అయితే చట్టం రాసేవాళ్ళకి ఒక అలవాటుంది. ముందు నోటులో చెప్పిన కేసే మళ్ళీ వస్తే పేరు రాయరు, "అదే" అని ఊరుకుంటారు. పేర్చేటప్పుడు ఆ "అదే"లన్నీ ఒకచోట కుప్పపడితే ఏది ఎవరిదో దేవుడికి కూడా తెలియదు. కాబట్టి జల్లెడమ్మ ముందుగా ప్రతి "అదే" స్థానంలో దాని పై కేసు పేరు నింపిస్తుంది.

రెండో ప్రతికీ అదంతా చేసి, పాత పట్టికనీ కొత్త పట్టికనీ పక్కపక్కన పెట్టి తేడా చూపమంది. అమ్మ పేరు గల్లంతు. దాని బదులు తాళాల కేసనే ఇంకో కేసు ఎదుట పేజీ నంబర్లు బాగా పెరిగాయి. తన ఆజ్ఞలోనే తప్పుందేమోనని తనను తానే తిట్టుకుని మళ్ళీ చేసింది. ఫలితం మారలేదు. అప్పుడు పుస్తకం తెరిచి చూసింది.

మేనమామ కుళాయి కేసు నోటు ఒక్కటీ పీకేశాడు. దాని వెనక ఉన్న "అదే"లని మర్చిపోయాడు. తల్లి పోయిన పిల్లల్లా అవన్నీ వెళ్ళి పై నోటుకి అతుక్కున్నాయి. ఆ పై నోటు తాళాల కేసుది. అద్దెవాళ్ళ గదికి తాళం వేసిన యజమానిని కోర్టు మెచ్చుకున్న కేసది! నీళ్ళు ఆపకూడదన్న అమ్మ గెలుపంతా ఇప్పుడు ఆ యజమాని ఖాతాలో పడింది. జల్లెడమ్మకి ఒళ్ళు మండిపోయింది.

తిన్నగా మేనమామ ఆఫీసుకి వెళ్ళింది. ఒకప్పుడు కోటు విప్పి పెట్టిన బల్లే.

"మామయ్యా, అమ్మ కేసు ఎందుకు తీసేశావు?"

"నా పుస్తకం, నా ఇష్టం. సొంత అక్క చేతిలో ఓడిపోయానని ఊరందరూ చదువుకోవాలా?"

"అయితే వాదన కూడా తీసెయ్యి."

"అదెలా తీస్తానే? పుస్తకంలో అదే మంచి అధ్యాయం."

"వాదన కావాలి, వాదన తెచ్చిన మనిషి వద్దు. అంతేనా?"

"ఫుట్‌నోట్లు ఎవరు చూస్తారే, నీ చాదస్తం కాకపోతే! పట్టిక వెయ్యమంటే పుస్తకం దిద్దుతావేం? ఉన్నది ఉన్నట్టు వెయ్యి."

"సరే మామయ్యా. ఉన్నది ఉన్నట్టే వేస్తాను."

మేనేజరు ఫోను చేశాడు. "పెద్దాయనతో మనకెందుకమ్మా, కాస్త సర్దుకోండి." "సర్దడమేగా నా పని, అక్షరక్రమంలో సర్దుతున్నాను" అని పెట్టేసింది.

ఇంటికొచ్చి చెబితే అమ్మ బియ్యం ఏరుతూ నవ్వింది. "కందకి లేని దురద కత్తిపీటకెందుకే? నా పేరు అచ్చులో ఉంటే ఎంత, పోతే ఎంత?"

"నాకుందమ్మా దురద" అంది జల్లెడమ్మ.

ఉన్నది ఉన్నట్టే వేసింది. తాళాల కేసులో నిజంగా ఉన్న మాటల పేజీల్ని దాని కింద ఉంచింది. మిగిలిన పేజీలకి కొత్త వరస రాసింది: "ఆధారం తీసేసిన వాదనలు." అది "ఆ" కదా, పట్టిక మొదటి పేజీలోనే, పై నుంచి ఎవరి కంటికైనా ఆనేలా కూర్చుంది. కింద పట్టిక కూర్చినవారిగా తన అసలు పేరు పెట్టి, అచ్చుకి ముందు సరిచూసుకునే ప్రూఫు మేనమామకి పంపింది. ఉద్యోగం పోతే పోనీ అనుకుంది, అబద్ధానికి మాత్రం పేజీ నంబరు వెయ్యదలుచుకోలేదు.

ఆదివారం మధ్యాహ్నం మేనమామ ప్రూఫు చంకలో పెట్టుకుని వచ్చాడు. అమ్మ ఇంకా ఆ వరసలోని ఆ గదిలోనే ఉంటోంది. ఎండన పడి, మెట్లెక్కి వచ్చేసరికి ఆయనకి నోరు పిడచకట్టుకుపోయింది.

"చూశావా అక్కా, నీ కూతురు నన్నెలా అల్లరిపాలు చేసిందో! ఇది ఇలాగే అచ్చయితే వకీళ్ళంతా నన్ను చూసి నవ్వుతారు. నువ్వైనా చెప్పు దానికి."

జల్లెడమ్మ నోరు తెరవబోయింది. అమ్మ చేత్తో ఆపి, లేచి, గుమ్మం పక్క కుళాయి తిప్పింది. గ్లాసు నిండా నీళ్ళు పట్టి తమ్ముడి చేతిలో పెట్టింది.

"ముందు తాగరా. నీ పుస్తకంలో లేకపోయినా వస్తాయి ఇవి."

ఆయన గ్లాసు పట్టుకుని కుళాయి వైపు చూశాడు. తర్వాత గటగటా తాగేశాడు. జేబులోంచి కలం తీసి, ఆధారం తీసేసిన వాదనలన్న వరస కొట్టేసి, పక్కన అక్క పేరు రాశాడు, పీకేసిన నోటు మళ్ళీ పెట్టమని కూడా. రాస్తూ తల ఎత్తలేదు.

జల్లెడమ్మ ప్రూఫు అందుకుని, పేజీ నంబర్లు సరిపోయాయో లేదో చూసుకుంది.