జాడీ అడుగున రెండు గరిటెలు

ఆగస్టు పదో తేదీ, గురువారం, ఉదయం పదీ నలభైకి ఏలూరు ఆఫీసులో నా బల్ల మీదికి ఒక ఫిర్యాదు వచ్చింది. అప్పుడు నేను ఫుడ్ సేఫ్టీ ఆఫీసరుని. రిటైర్మెంటుకు ఏడు నెలలుంది. తాడేపల్లిగూడెంలో ఒకరు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న కొర్రమీను పచ్చడి సీసా మూత ఉబ్బింది. బ్యాచ్ నంబరు పదకొండు.

ఆ పచ్చడి పెట్టింది వరాలమ్మగారు. భీమడోలు అవతల కొల్లేటి గట్టు మీది ఊరు. భర్త పోయాక ఇల్లు ఆ పచ్చడి మీదే నడుస్తోంది. ఇంట్లో వండి ఫోనులో అమ్మినా అది ఆహార వ్యాపారమే. రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ పద్నాలుగంకెల నంబరు సీసా మీద ఉండాలి. తయారీ తేదీ, బ్యాచ్, దినుసులు, చిరునామా కూడా అచ్చువేయాలి. ఆవిడ అన్నీ వేశారు. నాలుగు నెలల కిందట తనిఖీ చేసి, రిజిస్ట్రేషన్ ఇవ్వవచ్చని రాసింది నేనే.

పన్నెండున్నరకు వెళ్లాను.

"మూత ఉబ్బితే మూతలమ్మినాయన్ని అడగాలి గానీ, నన్నడుగుతారేంటండీ?" అన్నారావిడ.

పదకొండో బ్యాచ్‌వి ఇంట్లో నాలుగే సీసాలున్నాయి. చట్టం అడిగే నాలుగు భాగాల నమూనాగా వాటికి సీలు వేశాను. బ్యాచ్‌కి ఇరవైనాలుగు సీసాలు. మిగతా ఇరవై వెనక్కి తెప్పిస్తే చాలనుకున్నాను. అంతలో పచ్చడి కలిపే జాడీ అడుగున కొంత పచ్చడి కనబడింది.

"అదేంటండీ?"

"పాతదండీ. రెండు గరిటెలు ఉంచి, దాని మీదే కొత్తది కలుపుతాం. అది పడకపోతే మా అత్తగారి పచ్చడవదండీ. ఉత్త పచ్చడి ఎవరైనా పెడతారు."

అత్తగారు పోయి ఆరేళ్లు. ఆ జాడీ ఒక్కసారీ పూర్తిగా ఖాళీ కాలేదు. అంటే పన్నెండు, పదమూడు, పద్నాలుగు బ్యాచ్‌లన్నిటిలోనూ పదకొండు ఉంది. లేబులు మీది దినుసుల్లో మాత్రం పాత పచ్చడి లేదు. తనిఖీలో నేనూ అడగలేదు. అమ్మకం ఆపించి, నాలుగు బ్యాచ్‌లనూ వెనక్కి తెప్పించమన్నాను.

ప్రయోగశాల నివేదికకు గడువు పద్నాలుగు రోజులు. రోజూ తపాలా రాకముందే రెండుసార్లు వరండాలోకి వెళ్లి చూసేదాన్ని. ఆవిడా రోజూ ఫోను చేసేవారు. ఎనిమిదో రోజున గొంతు మారింది.

"మేడంగారూ, జంగారెడ్డిగూడెంలో మా ఆడపడుచు దగ్గర పదో బ్యాచ్ సీసా ఉందండి. మూతైనా తియ్యలేదు. ఈ జాడీ పారబోసినా, అందులోంచి రెండు గరిటెలు తీసుకుంటే మళ్లీ మొదలెట్టుకోవచ్చు కదండీ?"

రూల్సు పుస్తకం మూడుసార్లు తిరగేశాను. బయటికి వెళ్లిన సరుకును తిరిగి తయారీలో కలపనివ్వలేను. పైగా లోపం పదకొండులోనే మొదలైందనడానికి నా దగ్గర ఆధారం లేదు. వద్దన్నాను.

"చూడనట్టు ఉండలేరాండీ?"

"మీరు చెప్పేశాక ఎలాగండీ?"

ఆవిడ ఫోను పెట్టేశారు. మర్నాటి నుంచి చేయలేదు.

ఇరవైరెండున నివేదిక వచ్చింది: తినడానికి సురక్షితం కాదు. లోపాలు సరిదిద్దుకోమని నోటీసిచ్చాము. ఇరవై తొమ్మిదిన సరుకంతా గోతిలో పోయించి, సున్నం చల్లించాము. జాడీ ఆవిడే కడిగారు. రిజిస్ట్రేషన్ రద్దు కాలేదు, సెప్టెంబరులో పదిహేనో బ్యాచ్ పెట్టారు.

అప్పటిదాకా నా తనిఖీలన్నీ కాగితంలో ఉన్నది గదిలో ఉందా అని చూడటమే. ఉద్యోగంలో మిగిలిన నెలలన్నీ, "కాగితంలో రాయనిది ఇందులో ఏం వేస్తారండీ?" అని ముందు అడిగాను. అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

నాలుగు బ్యాచ్‌లు, తొంభై ఆరు సీసాలు. నమూనాకు తీసినవి నాలుగు. ఇంట్లో ఉండి గోతిలోకి పోయినవి నలభై ఒకటి. వెనక్కి వచ్చి పోయినవి ముప్పై ఆరు. తిరిగి రానివి పదిహేను. జాడీ అడుగు నుంచి పోయినవి, రెండు గరిటెలు.