కడమ సగం

మొన్న పొద్దున జనగామ బస్టాండులో, నా పక్క బల్లమీద కూర్చున్న కాలేజీ అమ్మాయి ఫోనులో ఒక పాట పెట్టింది. ఒక ముసలి గొంతు ఒక్క వరస పాడి ఆగిపోయింది. ఆ తర్వాత పాట లేదు, దగ్గులు, ఎవరిదో చిన్న నవ్వు. ఆ గొంతు మా కొమురక్కది. ఆ నవ్వు ఎవరిదో కూడా నాకు తెలుసు.

ఆ పాట ఫోన్లలో తిరిగినప్పుడు కొమురక్కను అందరూ ‘వైరల్ అవ్వ’ అన్నారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. గూడూరు పక్క మా ఊళ్లో ఆమె నాటు వేసే ఆడవాళ్ల ముఠాకు పెద్ద, సొంతంగా పాటలు కట్టే మనిషి. నేను పదో తరగతి చదివేటప్పుడు ఆదివారాలు అమ్మతో ఆ ముఠాలో నాటుకు పోయేదాన్ని. మడిలో ఆమెది ఒకటే పద్ధతి. సగం వరస తాను ఎత్తుతుంది, మిగతా సగం అందరూ అందుకోవాలి. అందుకునేదాకా ముందుకు పోదు.

ఒక ఆదివారం ఆ పొలం ఆసామి పటేలు గట్టుమీద మంచినీళ్ల కుండ పెట్టుకుని, మమ్మల్ని మాత్రం కాలువలో తాగమన్నాడు. కొమురక్క నారుకట్ట విప్పుతూ ఎత్తింది: “కుండల నీళ్లు పటేలుకంటా...” మడి మొత్తం అందుకుంది: “కాలువ నీళ్లు మనకంటా!” పటేలు గొడుగు మడిచి లేచాడు.

“ఎవలే ఆ పాట కట్టింది?”

కొమురక్క నడుం నిటారు చేసింది. “నేను సగమే పాడిన పటేలా. కుండ నీదే గదా, అండ్ల అబద్ధమేమున్నది? కడమది అందరు పాడిన్రు. అందర్ని పొమ్మంటవా?”

నాట్లు ముమ్మరంగా సాగే రోజులు. పొమ్మంటే మళ్లీ మనుషులు దొరకరు. కాసేపటికి కుండ మా వైపు గట్టుమీదికి వచ్చింది, చెంబుతో సహా. కడుపునిండా తాగాను. కానీ పాట అందుకోవాల్సినప్పుడు నేను నోరు విప్పలేదు. ఇంటికి వచ్చే దారిలో కొమురక్క నా పక్కకు వచ్చింది.

“నువ్వు అందుకోలే పిల్లా. నేను సూసిన.”

“భయమైందక్కా.”

“భయమైతే అయింది. పాట ఎత్తినోళ్లను ఒంటిగ ఇడిసిపెట్టుడు మంచిగుండదు. రేపు నువ్వు ఎత్తుతవు గదా, అప్పుడు తెలుస్తది.”

చదువయ్యాక హైదరాబాదులో ఉద్యోగానికి పోయాను. మాది వరంగల్ టౌనని, నాన్నది ఆఫీసు ఉద్యోగమని అక్కడ చెప్పుకున్నాను. కూలికి పోయిన మాట ఎక్కడా పొక్కనివ్వలేదు. ఆ నగరంలో పాటకు కొదవ లేదు, ఏ సాయంత్రం చూసినా ఎక్కడో ఒకచోట కచేరీ ఉండేది. సొంత పాటలు పాడుకునేవాళ్ల సభ ఉందని, నాతో పనిచేసే రమ్య ఒకసారి టికెట్లు తెచ్చింది. గిటార్లతో ఇద్దరు పాడారు. జనం ఊపిరి బిగబట్టి విన్నారు, అక్కడి మర్యాద అది. మూడో మనిషిగా, ఊరినుంచి పిలిపించారట, కొమురక్క వేదిక ఎక్కింది. నేను కుర్చీలో కిందికి జారాను.

“కుండల నీళ్లు పటేలుకంటా...” అని ఆగింది. హాలు మర్యాదగా నోరు మూసుకుని కూర్చుంది. నిర్వాహకుడు పక్కనుంచి వంగి, “మర్చిపోయారా అమ్మా? మీరే పాడేయండి,” అన్నాడు.

“మర్సిపోలే బిడ్డా. నా సగం అయింది. కడమది వాళ్లది.”

మళ్లీ ఎత్తింది, మళ్లీ ఆగింది. దగ్గులు వినిపించాయి. నా పక్కన రమ్య చిన్నగా నవ్వి, “పాపం ముసలావిడ,” అంది. ఆ నవ్వుకు నాకు కోపం వచ్చింది. అంతకంటే ఎక్కువ నామీద నాకే అసహ్యం వేసింది. లేచి నిలబడ్డాను.

“కాలువ నీళ్లు మనకంటా!”

గొంతు బొంగురుపోయి, శ్రుతి ఎటో పోయింది. కొమురక్క కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చీకట్లోకి చూసింది. “ఎవలు బిడ్డా అది?”

“నేనక్కా, సునీతను. నీతోటి నాటుకొచ్చేదాన్ని.”

“ఇన్నేండ్లకు అందుకున్నవా!” అని పకపకా నవ్వి మళ్లీ ఎత్తింది. ఈసారి వెనక వరసల్లో ఐదారు గొంతులు కలిశాయి. తర్వాత సగం హాలు కలిసింది. ఇదంతా ఎవరో ఫోనులో పట్టారు. బయటికి వచ్చాక రమ్య నన్ను ఎగాదిగా చూసి, “నువ్వు కూలికి వెళ్లేదానివా?” అంది. “వెళ్లేదాన్ని. ఆ కాలువ నీళ్లే తాగాను,” అన్నాను. ఆ తర్వాత ఎక్కడా వరంగల్ టౌనని చెప్పుకోలేదు.

కొమురక్క పోయి ఏడాది దాటింది. ఇప్పుడు జనగామలో పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. స్టాఫ్ మీటింగులో ఎవరైనా ఒంటరిగా లేచి న్యాయమైన మాట అంటే, ఆ తర్వాత గదిలో పరుచుకునే నిశ్శబ్దం నాకు బాగా తెలిసినదే. దాన్ని ఎక్కువసేపు ఉండనివ్వను. అందుకు నాకు నోటిదురుసు మనిషినని పేరు వచ్చింది. రానీ.

బస్టాండులో ఆ అమ్మాయి పాటను మళ్లీ మొదటికి తిప్పింది. “కుండల నీళ్లు పటేలుకంటా...” ఫోనులోని నా గొంతు కోసం నేను ఆగలేదు. అక్కడే, పట్టపగలు, పైకి అందుకున్నాను. ఆ అమ్మాయి ఉలిక్కిపడి నావైపు తిరిగింది. ఎదుటి బల్లమీది పెద్దమనిషి పేపరు దించి మొహం చిట్లించాడు. రెండోసారి ఇంకాస్త గట్టిగా అందుకున్నాను.