కంబళ్ళు తొక్కే వాకర్

మా కెంటకీ కొండల్లో వాకర్ స్టిడమ్‌కు ఒకటే పిచ్చి. ఎవరింట్లో ఉన్ని కంబళి కనబడినా లాక్కెళ్ళి, తొట్టిలో నానేసి, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి తొక్కుతాడు. ఇదేమిటయ్యా అంటే తన పేరు చూపిస్తాడు. వాకర్ అంటే ఊరికే నడిచేవాడు కాదట. పాతకాలంలో మగ్గం దిగిన ఉన్నిగుడ్డను నీళ్ళలో వేసి, దళసరి అయ్యేదాకా కాళ్ళతో తొక్కేవాణ్ణి అలా పిలిచేవారట. ఒక ఆదివారం పాస్టరుగారు ఈ ముక్క నోరు జారారు. దాని ఫలం ఊరంతా అనుభవిస్తోంది.

చర్చి భోజనాల దగ్గర కార్లమ్మే టక్కర్ నేపియర్ వాకర్‌ను ఆటపట్టించాడు. వాషింగ్ మెషీన్లున్న రోజుల్లో ఈ పాదసేవ ఎవరికోసమన్నాడు. అందరూ నవ్వారు. వాకర్ మొక్కజొన్న రొట్టె పక్కన పెట్టాడు.

"టక్కర్ అనే పేరుకీ అదే అర్థం, బ్రదర్. ఊరు మారితే పిలుపు మారింది, అంతే. నీదీ నాదీ ఒకే తొట్టి."

టక్కర్ నమ్మలేదు. అదే నిజమైతే ఇప్పుడే తొక్కుతానని పంతం పట్టి, పాస్టరుగారిని సాక్ష్యానికి పిలిచాడు. ఆయన కోడికాలు నములుతూనే అవునని తలూపారు. స్వీటు వడ్డించే వేళకు టక్కర్ కోటూ టైతో తొట్టిలో ఉన్నాడు.

తొక్కుడైతే తొక్కుడే గానీ, కంబళి కుంచించుకుపోతుంది. నేనూ మా ఆయనా కప్పుకున్న కంబళి ఇప్పుడు పిల్లికి సరిపోతుంది. అదీ పిల్లి కాళ్ళు ముడుచుకుంటేనే.

హెటీ సైజ్‌మోర్ మాత్రం భర్త పోయాక మంచం దిగలేదు. ఆడవాళ్ళందరం వంటలు మోసుకెళ్ళాం, ప్రార్థనలు చేశాం. గోడవైపు తిరిగి పడుకుంది. వాకర్ వెళ్ళి ఆమె మీది కంబళి లాక్కొచ్చి, వాకిట్లోనే తొట్టిలో వేసి తొక్కసాగాడు. వీడికి సిగ్గూ శరమూ లేవని ఎదురుగా నిలబడి దులిపేశాను. అంతలో హెటీ వణుక్కుంటూ వరండాలోకొచ్చి, నాకంటే బాగా దులిపింది.

"ఆ మూల వదిలేశావు, గుడ్డోడా. మడమతో తొక్కు."

తిట్టడానికి కుర్చీ కావాలంది. కాసేపటికి కాఫీ కావాలంది.

వారం వారం ఇదే తంతు. మిగతా ఊరి కంబళ్ళు ఒక్కసారి తొక్కి వదిలేసేవాడు. మంచం దిగనివాళ్ళ కంబళి మాత్రం వదిలేవాడు కాదు. ఈ తిరకాసేమిటని నిలదీశాను.

"కంబళి తొట్టిలో ఉంటే మనిషి మంచంలో ఎంతసేపుంటుంది, సిస్టర్ వెర్నా?"

మొన్న శనివారం ఆయన మోకాలు గుమ్మడికాయలా వాచింది. దొరికావురా అనుకుని, పడుకున్నవాడి కంబళి లాగబోయాను. రెండు చేతులా పట్టుకుని వదల్లేదు.

"నా సంగతి తర్వాత. హెటీ కంబళి నానేసుకుని కూర్చుని ఉంటుంది. ఎవరూ రాకపోతే మళ్ళీ మంచమెక్కుతుంది. నువ్వెళ్ళు."

"నాకు తొక్కడం రాదు."

"రాకపోతే మరీ మంచిది. బూట్లు విప్పి తొట్టిలో దిగు. ఆవిడ కడుపారా తిట్టేదాకా మాత్రం బయటికి రాకు."