బుద్ధిగా కూర్చున్న రోజు

మా స్కూలు పిల్లలకు యూనిఫారాలు కుట్టే ఆవిడను అందరూ టైలరమ్మ అంటారు. మనిషి మెత్తన, నాలాగా నోరున్న రకం కాదు. ఆఫీసు గుమాస్తాగా ఇరవై ఏళ్లుగా ఈ బల్ల దగ్గరే కూర్చుని ఎందరు తల్లులను చూశానో! ఇంత తక్కువ మాట్లాడే తల్లిని మాత్రం చూడలేదు.

ఇల్లంటే ఒకటే గది. కిటికీ పక్కన మిషను, గోడవారగా బట్ట కత్తిరించే బల్ల, ఆ బల్ల కింద మా స్కూల్లోనే చదివే ఎనిమిదేళ్ల పాప. దారపు ఉండలను రంగుల వారీగా పేర్చుకుంటూ గంటల తరబడి అక్కడే ఉంటుంది. పిలిస్తే పలకదు. కుక్కర్ కూత పెడితే చెవులు మూసుకుని గోడకేసి తల కొట్టుకుంటుంది. అందుకని తల్లి కుక్కర్ వాడడమే మానేసింది. పెళ్లిళ్లకు పోదు. పోకపోయేసరికి చుట్టాలు పిలవడం కూడా మానుకున్నారు. మొగుడు ఎప్పుడో "నా వల్ల కాదు" అని చేతులు దులుపుకుని పోయాడు. బట్టలిచ్చేవాళ్లు కూడా లోపలికి రారు, కిటికీలోంచే ఇచ్చిపోతారు.

"రోజంతా నాతో జనం ఏం మాట్లాడతారో తెలుసా అక్కా? నడుము కొలత, చేతుల పొడుగు, ఎప్పటికిస్తావు. అంతే," అని ఒకసారి నవ్వుతూ అంది. నాకు నవ్వు రాలేదు.

డాక్టరు ఆటిజం అని రాసిస్తే ఆ కాగితం పట్టుకుని పరుగున వచ్చింది. క్లాసులో పాప పక్కన ఒక ఆయా ఉండాలని, గోల ఎక్కువైనప్పుడు కాసేపు కూర్చోవడానికి ఒక గది ఇవ్వాలని ఆమె కోరిక. అవి లేకపోతే వచ్చే ఏడు పాపను స్కూల్లో ఉంచుకోలేమని హెడ్మాస్టరు గారు చెప్పేశారు. కానీ డాక్టరు లెక్క వేరు, స్కూలు లెక్క వేరు. డాక్టరు పేరు పెడితే చాలదట. దానివల్ల చదువుకు ఇబ్బంది అవుతోందని పై ఆఫీసు మేడమ్ వచ్చి, ఒక పూట క్లాసులో కూర్చుని, కళ్లారా చూసి రాయాలి. పాపకేమో లెక్కల్లో నూటికి తొంభై ఎనిమిది, ఇక చదువుకు ఇబ్బందంటే ఎవరు నమ్ముతారు! నాకు ఒళ్లు మండింది. మండి ఏం లాభం, రూల్సు రాసింది నేనా?

మేడమ్ ఫలానా రోజు వస్తుందని నేనే కబురు చెప్పాను. అక్కడే కొంప మునిగింది. ఎవరో పెద్దమనిషి వచ్చి పిల్లను చూస్తారంటే ఏ తల్లయినా చేసే పనే ఈమె చేసింది. పది రోజులు కూర్చోబెట్టి నేర్పింది. కళ్లలోకి చూడలేకపోతే నుదుటివైపు చూడు. చేతులు ఒళ్లో పెట్టుకో. గంట మోగితే పళ్లు బిగబట్టి లోపల అంకెలు లెక్కపెట్టుకో.

పాప ఒక్కటీ తప్పకుండా చేసింది. మేడమ్ వెళ్తూ వెళ్తూ, "ఎంత బుద్ధిమంతురాలమ్మా మీ అమ్మాయి! నాకే ఇబ్బందీ కనబడలేదు," అంది. టైలరమ్మ మొహం విప్పారింది. ఆ పిల్లను బయటివాళ్లెవరైనా మెచ్చుకోవడం ఆమె వినడం అదే మొదలు. సహాయం అక్కర్లేదని మేడమ్ రాసేసిందని నేను చెప్పేదాకా ఆమెకు సంగతి తట్టలేదు.

"బుద్ధుందా నీకు? దాచమన్నదెవరే నిన్ను?" అని అరిచాను.

"మా పాప మంచిదని ఒక్కసారి అనిపించుకుందామనుకున్నానక్కా," అంది.

ఆ సాయంత్రం ఇంటికెళ్లగానే పాప మణికట్టు నెత్తురు వచ్చేలా కొరుక్కుందట. చాలాసేపటికి బల్ల కిందనుంచి అడిగిందట, "అమ్మా, రేపు కూడా అలాగే ఉండాలా?" అని.

మర్నాడు ఇద్దరం కూర్చుని అర్జీ రాశాం. ఇన్నేళ్లు తలుపేసుకుని దాచుకున్నదంతా ఆమె చెబుతూ పోయింది, నేను రాస్తూ పోయాను. మూడు పేజీలయింది. "మీరు చూసింది మా పాపను కాదు, నేను నేర్పినదాన్ని" అన్న చివరి వాక్యం మాత్రం నా చేతిలో పెన్ను లాక్కుని ఆమే రాసింది. నెల తిరిగాక మేడమ్ మళ్లీ వచ్చింది.

ఈసారి పాపకు ఏమీ నేర్పలేదు. క్లాసు బయట వరండాలో మేమిద్దరం ఆనుకుని కూర్చున్నాం. ఇంటర్వెల్ గంట మోగింది. లోపల్నుంచి ఒక కేక. కుర్చీ పడ్డ చప్పుడు. ఆ తర్వాత మళ్లీ మళ్లీ బల్లకు తల తగులుతున్న చప్పుడు. నేను ఒక్క ఉదుటున లేచాను. ఆమె నా చెయ్యి పట్టుకుని గుంజి కూర్చోబెట్టింది. పట్టు వదల్లేదు.

"వెళ్లకక్కా," అంది తలుపువైపే చూస్తూ. "మేడమ్‌ని రాసుకోనీ."